అప్‌డేట్: ఒడిశాలోని పర్లాకిమిడి వైపు అంగన్‌వాడీ కార్యకర్తలకు టీకాల శిక్షణ

"సూది వేయిస్తే జొరం వస్తంది, మళ్ళీ రాం" అనే తల్లులతో ఎలా మాట్లాడాలో కార్యకర్తలకు ఎలా నేర్పాలని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో పనికొచ్చినవి ఇవి.

ఉపన్యాసం తీసేశాం. ముగ్గురేసి కూర్చోవాలి: ఒకరు తల్లి, ఒకరు కార్యకర్త, మూడో మనిషి గమనిస్తారు. పది నిమిషాలకోసారి పాత్రలు మారాలి. కార్యకర్త ముందుగా "దేనికి భయమమ్మా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగాలి. అందరూ తప్పేది ఇక్కడే. తల్లి మాట ముగియకముందే జబ్బుల జాబితా చదివేస్తారు, తల్లి తలూపి వెళ్ళిపోతుంది.

జ్వరం మాట దాచకూడదు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, సూది చోట వాపు మామూలేనని ముందే చెప్పాలి. పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఏఎన్ఎం (టీకాలు వేసే ఊరి నర్సు) చెప్పాలి. వాపు మీద పసుపు, నూనె రాయొద్దు. బీసీజీ (క్షయ టీకా) వేసిన చోట కొన్ని వారాలకు పొక్కు లేచి మచ్చ పడుతుంది, దానికి మందు అక్కర్లేదు. మూర్ఛ, ఎడతెగని ఏడుపు, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి.

పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు. ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచి వేయరు, ఆగిన చోటునుంచే. ఈ మాట వినగానే మొహమాటపడి ఆగిపోయిన తల్లులు కదులుతారు.

ఇక్కడి టీకాల కార్డు ఒడియాలో ఉంటుంది. తెలుగు తల్లికి తర్వాతి టీకా తేదీ నోటితో చెప్పి, తిరిగి చెప్పించుకోవాలి. శ్రీకాకుళం వైపు పనికి వెళ్ళేవాళ్ళు కార్డు వెంట తీసుకెళ్ళాలి, అక్కడా ఉచితంగానే వేస్తారు.