సెలక్షన్‌లో డ్రిబ్లింగ్ టెస్ట్ పోయింది, పిల్లాడు బంతి ముట్టుకోవట్లేదు. షెవ్‌చెంకో కథ నిజమేనా?

మల్కాజిగిరి అమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి 11 ఏళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. పోయిన శనివారం ఒక అకాడమీ సెలక్షన్‌కి తీసుకెళ్లాం. వరసగా కోన్లు పెట్టి, వాటి మధ్యలోంచి బంతి తీసుకెళ్లమన్నారు. పక్కన ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డారు. మావాడు మూడో కోన్ దగ్గర బంతి వదిలేశాడు, రెండోసారి కోన్‌నే తన్నేశాడు. అంతే, మ్యాచ్ ఆడించకుండానే పక్కకి వెళ్లమన్నారు.

ఇంటికొచ్చి స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) మంచం కిందకి తోసేశాడు. బురద కూడా కడగలేదు. ఎనిమిది రోజులైంది, బంతి జోలికే పోవట్లేదు. మా తమ్ముడు ఫోన్ చేసి "ఉక్రెయిన్ ప్లేయర్ షెవ్‌చెంకో కూడా చిన్నప్పుడు ఇదే టెస్ట్‌లో ఫెయిలయ్యాడు రా, తర్వాత యూరప్‌లోనే బెస్ట్ ప్లేయర్ అయ్యాడు" అన్నాడు. మావాడు నమ్మలేదు. "మామయ్య ఊరికే చెప్తున్నాడు" అంటున్నాడు. నాకు ఫుట్‌బాల్ తెలీదు. ఇది నిజమేనా? నిజమైతే పిల్లాడికి ఎలా చెప్పాలి? అబద్ధంతో వాడిని ఓదార్చడం నాకు ఇష్టం లేదు.

లాలాగూడ లెఫ్ట్‌వింగ్:

చెల్లె, నిజమే. మీ తమ్ముడు గాలిమాట చెప్పలేదు.

నేను రైల్వేల చేసి రిటైరైన. ఇప్పుడు పొద్దుగాల మా దిక్కు గ్రౌండ్‌ల పోరగాండ్లకు ఆట నేర్పుత. షెవ్‌చెంకో ఇటలీ క్లబ్బు మిలాన్‌కు వచ్చిన 1999 సంది ఆయన ఆట చూసుకుంట వచ్చిన, అందుకే జర పెద్దగనే రాస్తున్న.

ఆండ్రీ షెవ్‌చెంకో 1976ల పుట్టిండు. ఊరు ద్విర్కివ్‌ష్చినా, చిన్న పల్లె. నాయిన మిలిటరీ మనిషి. పిల్లగానికి మూడేండ్లప్పుడు కీవ్‌కు మకాం మార్చిన్రు. 1986ల అక్కడి స్పోర్ట్స్ స్కూల్‌ల సీటు కోసం పోతే డ్రిబ్లింగ్ టెస్ట్‌లనే పోయింది, అచ్చం మీ బాబుకు పోయినట్టే. అయినా పిల్లల టోర్నమెంట్‌ల ఆడుతుంటే డైనమో కీవ్ క్లబ్బు స్కౌట్ (కొత్త ఆటగాళ్లను వెతికేటోడు) కంట్ల పడ్డడు, ఆయన తోలుకపోయిండు. ఈ ముచ్చటల నాకు ముఖ్యమనిపించేది ఆ స్కౌటే. ఆయన పిల్లగాన్ని మ్యాచ్‌ల చూసిండు. షెవ్‌చెంకో పెద్దగైనంక కూడ ఆయన బలమేంది? డిఫెండర్ ఎటు కాలేస్తుండో చూసి, ఆయన వెనక ఖాళీలకు ఉరుకుడు. ఏ కాలికి బంతొస్తె ఆ కాలితోనే కొట్టుడు. కోన్ల మధ్యల ఉరికిస్తె అది ఎట్ల తెలుస్తది?

అదే 1986ల చెర్నోబిల్ అణు కరెంటు ప్లాంటు పేలింది. కీవ్‌కు అది మనకు నల్లగొండ ఉన్నంత దూరం. వేలమంది పిల్లలను ఊరు దాటించి సముద్రం దిక్కు పంపిన్రు, అండ్ల ఈయన కూడ ఉన్నడు. మీవాడు మనసు గట్టి చేసుకున్నంక ఇది కూడ చెప్పురి.

1990ల వేల్స్‌ల ఇయాన్ రష్ పేరు మీద పిల్లల టోర్నమెంట్ అయితె, అండ్ల ఎక్కువ గోల్స్ కొట్టింది ఈ పిల్లగాడే. రష్ అంటె లివర్‌పూల్‌ల గోల్స్ కుప్పబోసినోడు. ఆయన తన స్టడ్స్ జత చేతిల పెట్టిండు. నాలుగేండ్ల కింద టెస్ట్‌ల పోయినోనికి!

ఇగ గురువు ముచ్చట. వాలెరీ లొబనోవ్‌స్కీ. కటువు మనిషి, ఆటను లెక్కలతోని, కంప్యూటర్లతోని నడిపిన కోచ్. 1997ల మళ్ల డైనమోకు వచ్చిండు. ఆ ఏడు నవంబర్ 5న బార్సిలోనా సొంత గ్రౌండ్‌ల డైనమో 4-0తోని గెలిచింది. ఫస్ట్ హాఫ్‌లనే షెవ్‌చెంకో మూడు కొట్టిండు, 21 ఏండ్ల పిల్లగాడు. రెండేండ్లకు మిలాన్ రెండున్నర కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. ఇటలీ డిఫెండర్లు ఎసుంటోళ్లో ఆట చూసేటోళ్లకు ఎరుకే. గసుంటి లీగ్‌ల మొదటి సీజన్లనే 24 గోల్స్ కొట్టి అందరికంటె పైన నిలబడ్డడు.

నాకు కండ్లల్ల నిలిచిపోయింది 2003 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు. మే 28, మాంచెస్టర్‌ల, జువెంటస్ మీద. మనకు నడిజాము దాటింది. మే ఎండలకు ఇల్లు రాత్రి కూడ ఉడుకుతుండె. అయినా చప్పుడుకు కామెంటరీ వినబడత లేదని కూలర్ బంద్ చేసి కూసున్న. గోల్ లేకుండనే 120 నిమిషాలు అయిపోయినై, పెనాల్టీ షూటౌట్‌కు పోయింది. చివరి పెనాల్టీ షెవ్‌చెంకోది, గోల్‌ల బుఫ్ఫాన్. షెవ్‌చెంకో రిఫరీ దిక్కు చూసిండు. బుఫ్ఫాన్ దిక్కు చూసిండు. మళ్ల రిఫరీ దిక్కు. విజిల్ ఇంక ఊదలే. ఆ కండ్లు అటు ఇటు తిరుగుడు చూసి నాకు గుండె ఆగినంత పనైంది. ఊదంగనే ఉరికి కొట్టిండు, మిలాన్ గెలిచింది.

లొబనోవ్‌స్కీ అంతకు ఏడాది ముందే, 2002 మేల పోయిండు. షెవ్‌చెంకో ఆ మెడల్ పట్టుకొని కీవ్‌కు, గురువు సమాధి దగ్గరికి పోయిండు. అది చదివినప్పుడు నాకు మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ యాదికొచ్చిన్రు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీంతోని 1950 నుంచి 54 దాక వరుసగ ఐదు రోవర్స్ కప్పులు, ఇండియా టీంతోని 1962ల జకార్తాల ఏషియాడ్ గోల్డ్. ఆ మరుసటేడే క్యాన్సర్‌తోని పోయిన్రు. మన ఊర్లె పిల్లలకు ఆయన పేరు చెప్పేటోళ్లే తక్కువైన్రు, అది నాకు శానా బాధ.

చెల్లె, మీవానికి చెప్పేటప్పుడు ఒక్కటి దాచకురి. 2005 ఇస్తాంబుల్‌ల అదే కప్పు ఫైనల్ కూడ చెప్పురి. హాఫ్‌టైంకు మిలాన్ 3-0. లివర్‌పూల్ ఆరే నిమిషాలల్ల మూడు కొట్టి సమం చేసింది. ఎక్స్‌ట్రా టైంల గోల్ ముంగట నుంచి షెవ్‌చెంకో వరుసగ రెండుసార్లు కొడితె రెండూ లివర్‌పూల్ గోల్‌కీపర్ డుడెక్ ఆపిండు. ఆఖరికి మళ్ల షెవ్‌చెంకో పెనాల్టీ మీదికే వచ్చింది. ఈసారి పోయింది. అప్పటికి ఆయన దగ్గర బాలన్ డి ఓర్ ఉంది, 2004ది, మీ తమ్ముడు చెప్పిన యూరప్ బెస్ట్ ప్లేయర్ అవార్డు అదే. టెస్ట్ పోయిన పిల్లగాడు గొప్పోడైండని అక్కడ్నే ఆపితె మీవానికి సినిమా కథ లెక్క అనిపిస్తది, నమ్మడు.

కొండాపూర్ కర్లింగ్ షాట్:

అన్న రాసింది చదువుతుంటే 2005 మళ్లీ కళ్లముందుకొచ్చింది. ఆ రాత్రి హాస్టల్లో 40 మందిమి ఒక్క టీవీ ముందు కూర్చున్నాం.

అక్కా, ఒక మాట సూటిగా చెప్పాలి. టెస్ట్‌లో పోయిన ప్రతి పిల్లాడూ షెవ్‌చెంకో అవడు. మీ బాబుకి "నువ్వూ అంతవాడివి అవుతావు" అని మాత్రం చెప్పకండి. అది మోయలేని బరువు. నా చిన్నప్పుడు ఇంట్లో అలాగే అనేవాళ్లు. బాగా ఆడని రోజు ఇంటికి రావాలంటేనే భయమేసేది.

షెవ్‌చెంకో తర్వాతి రోజులు కూడా కష్టమే. 2006 ప్రపంచ కప్పు ఉక్రెయిన్‌కి మొదటిది, కెప్టెన్ ఆయనే. స్విట్జర్లాండ్ మీద షూటౌట్‌లో మొదటి పెనాల్టీ ఆయనే కొట్టాడు, గోల్‌కీపర్ ఆపేశాడు. మిగతావాళ్లు గెలిపించి క్వార్టర్ ఫైనల్‌కి తీసుకెళ్లారు. నాకు ఆ మ్యాచ్ అందుకే ఇష్టం. ఆ తర్వాత ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ పెద్ద మొత్తం పెట్టి కొంటే లీగ్‌లో 9 గోల్సే వచ్చాయి. మిలాన్‌కి తిరిగొచ్చి ఒక సీజన్ ఆడితే లీగ్‌లో ఒక్కటీ లేదు. పనైపోయిందన్నారు. 2009లో డైనమోకే వెళ్లిపోయాడు. 2012 యూరోలో (యూరప్ దేశాల కప్పు), కీవ్‌లో, స్వీడన్ మీద ముందు ఇబ్రహిమోవిచ్ గోల్ కొట్టాడు. మూడు నిమిషాల్లో షెవ్‌చెంకో హెడర్, ఇంకో ఏడు నిమిషాలకి మరో హెడర్. అప్పుడాయనకి 35 ఏళ్లు. ఆ టోర్నీతోనే ఆట ఆపేశాడు. తర్వాత కోచ్‌గా ఉక్రెయిన్‌ని యూరో క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, 2024 జనవరి నుంచి వాళ్ల దేశ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడు.

లాలాగూడ లెఫ్ట్‌వింగ్:

తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను రాయాల్సింది, మర్చిపోయిన. మా గ్రౌండ్‌కు వచ్చే నలభై మందిల ఒక్కడు స్టేట్ ఆడినా నాకు పండుగే. మిగిలినోళ్లు కూడ పొద్దుగాల ఐదున్నరకే వస్తరు, ఎందుకంటె వాళ్లకు ఆడుడు ఇష్టం.

మల్కాజిగిరి అమ్మ:

అన్నా, తమ్ముడూ, ఇద్దరికీ చాలా థాంక్స్. మీరు రాసింది రాత్రి వాడి పక్కన కూర్చుని చదివి వినిపించాను. స్కూల్ టెస్ట్ సంగతి విని ఏమీ అనలేదు. 2005 పెనాల్టీ దగ్గరికొచ్చేసరికి లేచి కూర్చుని "మరి ఇంటికెళ్లాక వాళ్లమ్మ ఏమంది?" అని అడిగాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. "ఏమంటుంది, అన్నం పెట్టుంటుంది" అన్నాను. పొద్దున లేచి చూస్తే స్టడ్స్ బాత్రూంలో ఉన్నాయి, బ్రష్ పెట్టి తనే రుద్దుతున్నాడు. అన్నా, ఆదివారం మీ గ్రౌండ్‌కి తీసుకురావచ్చా? వాటిని డాబా మీద ఎండలో పెట్టాను, రెండు రోజుల్లో ఆరిపోతాయి.

లాలాగూడ లెఫ్ట్‌వింగ్:

ఎండల పెట్టకు చెల్లె, సోల్ ఊడుతది. లోపట పేపర్ కుక్కి నీడకు పెట్టు. రేపు పొద్దుగాల పాత పేపర్ తీసి కొత్తది కుక్కు. ఆదివారం ఆరు గంటలకు తోల్కరా, కోన్లు పెట్టను. రాంగనే రెండు టీంలు చేసి మ్యాచే ఆడిపిస్త.