పదో తరగతి అయిన పిల్లల్ని వేసవికి కోనసీమ పంపితే పనిలో పెట్టాలా, ఊరికే తిరగనివ్వాలా?

గౌతమి గట్టు
పరీక్షలు అయ్యాక కాలేజీ తెరిచే దాకా హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి బోలెడంత మంది పిల్లలు అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు అమ్మమ్మగారి ఊళ్లకి వస్తారు. వచ్చాక ఏం చేయించాలన్న దాని మీద ఏటా తగువే. పని నేర్పాలని కొందరు, సెలవు సెలవులా గడవనివ్వాలని కొందరు. నా మటుకు నాకు పని నేర్పాల్సిందే. కాకపోతే పది పనులు తలో కాస్త చూపించి ఫొటోలు తీసుకోవడం దండగ. ఏదో ఒక్కటి మొదలు నుంచి లెక్క తేలే దాకా వాళ్ల చేతికి ఇవ్వాలి.

అందుకు కొబ్బరి దింపు బాగా పనికొస్తుంది. చెట్టెక్కేది దింపు కార్మికుడే, అందులో రెండో మాట లేదు. పిల్లాడి పనంతా కిందే. ఏ చెట్టుకి ఎన్ని కాయలు పడ్డాయో రాయాలి, కాయలు ఏరి కుప్ప వేయాలి, చిన్నకాయ, పగులుకాయ విడదీయాలి. దింపు కూలి, వలుపు కూలి, బండి కిరాయి ఒక పక్క, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర ఇంకో పక్క రాసి చెట్టుకి ఎంత మిగిలిందో తేల్చాలి. చెట్ల దగ్గర రాసిన లెక్క, కుప్ప దగ్గర లెక్క ఒక పట్టాన కలవవు. కొన్ని కాయలు తోట పక్క బోదెలోకి, అంటే చిన్న కాలవలోకి దొర్లిపోతాయి, కొన్ని మట్టల కింద ఉండిపోతాయి. ఆ తేడా ఎక్కడిదో వెతికించండి, అసలు చదువు అక్కడుంది. పైన కత్తి ఆడుతున్నంతసేపు చెట్టు మొదట్లోకి ఎవరూ వెళ్లకూడదు. గెల ఒకచోట పడితే, మట్ట గాలికి ఇంకోచోట పడుతుంది.

సెలవంటే సెలవే
గౌతమి గట్టు గారూ, కాగితం మీద బాగానే ఉందండి. ఊళ్లో జరిగేది వేరు. "పని నేర్పుతున్నాం" అంటూ కూలి ఇవ్వని మనిషిని ఇంట్లో పెట్టుకోవడమే ఎక్కువ. పదేళ్లు బడిలో కూర్చున్న పిల్లలకి రెండు నెలలు ఏ లెక్కా లేకుండా గడపడం కూడా కావాలి. నేర్పాలని ఉంటే ఈత నేర్పండి. డెల్టాలో పుట్టిన రక్తానికి ఈత రాకపోవడం ఏంటి? నీళ్లు ఎటు చూసినా ఉన్నాయి కదా.

లాకుల దగ్గర
ఎటు చూసినా నీళ్లున్నాయన్న మాటే పిల్లల ప్రాణాల మీదకి తెస్తోంది. ఈత నేర్పొద్దని అనను, నేర్పే తీరాలి. కానీ ఏప్రిల్, మే నెలల్లో మన నీళ్లు ఎలా ఉంటాయో తెలియకుండా దింపకండి.

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలకి వచ్చాక కాలవలు కట్టేస్తారు. జూన్ వచ్చే దాకా ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్లు రావు, మరమ్మతులు, పూడికతీతలు అప్పుడే. పిల్లలు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే పెద్దవాళ్లు తమ చిన్నప్పుడు ఈదిన కాలవ అప్పుడు ఉండదు. మిగిలేవి లాకుల కింద, తూముల కింద, వంతెన స్తంభాల మొదట్లో నీళ్లు కోసేసిన గోతులు. పైకి మోకాల్లోతులా కనిపించి రెండడుగులు వేసేసరికి నిలువెత్తు దాటుతుంది. అడుగున బురద, గుర్రపుడెక్క వేళ్లు, పగిలిన సీసాలు.

గోదావరి పాయల్లో ఇంకో రకం. ఇసుక తవ్విన చోట గొయ్యి అంచు నిట్టనిలువుగా ఉంటుంది, కాలు పెట్టగానే అంచు జారిపోతుంది. లంకల దిగువన వైనతేయలోనూ వశిష్ఠలోనూ పోటు, పాటు ఉంటాయి. సుమారు ఆరేసి గంటలకి నీరు తిరుగుతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ మరీ జోరు. పాటు సమయంలో నీరు సముద్రం వైపు లాగుతుంటే ఒడ్డుకి ఎదురీదేవాడు అక్కడే అలిసిపోతాడు. లాగే వైపే ఏటవాలుగా పోతూ ఒడ్డు చేరాలి. ఇది గట్టు మీదే చెప్పాలి, నీళ్లలో చెప్తే వినపడదు. మంచినీళ్ల చెరువుల జోలికి అసలు పోకూడదు. కాలవ కట్టేసే ముందు నింపుకున్న ఆ నీళ్లే వేసవంతా ఊరు తాగాలి.

నేర్పే పద్ధతి: రోజూ వాడకంలో ఉన్న, అడుగు గట్టిగా ఉన్న, తాగునీటిది కాని ఊరి చెరువు రేవు, లేదా పట్నంలో ఈతకొలను. నీరు నడుం దాటకూడదు. ఇద్దరు పిల్లలకి ఈత వచ్చిన పెద్దమనిషి ఒకరు, వాళ్లతోపాటు నీళ్లలోనే ఉండాలి. మొదటి మూడు నాలుగు రోజులు చేతులు కాళ్లు ఆడించడం వద్దు. నీళ్లలో ముఖం పెట్టి గాలి వదలడం, వెల్లకిలా తేలడం, తేలినవాళ్లు మళ్లీ కాళ్ల మీద నిలబడడం, ఇవి రావాలి. పాతకాలం తొక్క తీయని ఎండుకాయల జోడు ఇప్పటికీ మంచిదే. రెండు కాయల మధ్య జానెడు తాడు వదిలి, ఆ తాడు ఛాతీ కిందకి వచ్చేలా పెట్టాలి. నడుముకి కట్టారా, నడుము తేలి తల మునుగుతుంది. పచ్చికాయ పనికిరాదు, బరువు. ఆ జోడు తేలడానికి సాయమే గానీ మనిషి కాపలాకి బదులు కాదు.

ఎవరైనా మునుగుతుంటే ఈత వచ్చినా సరే పిల్లలు దూకకూడదు. అలా దూకి ఒకరి వెనక ఒకరు పోయిన ఇళ్లు ఉన్నాయి. గట్టు మీద బోర్లా పడుకుని గెడ అందించాలి, చీర విసరాలి, ఎండుకాయ కట్టిన తాడు విసరాలి. బయటికి తీశాక కడుపు నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం మానండి. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో రెండు అంగుళాలు దిగేలా 30 సార్లు నొక్కాలి, మళ్లీ రెండుసార్లు గాలి. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఒక దిండు మీద సాయంత్రం అరగంట సాధన చేయిస్తే పదిహేనేళ్లవాళ్లకి ఇట్టే వస్తుంది. వేసవికి వచ్చిన పిల్లలకి ఇంతకన్నా విలువైన చదువు నాకు తెలియదు.

నరసాపురం మేనత్త
పైన అందరూ "పిల్లాడు, పిల్లాడు" అంటున్నారు. ఆడపిల్లల్ని కూడా పంపుతారండి. వాళ్లకి ఈత లేదు, దింపు లెక్క లేదు, వంటింట్లో ఉల్లిపాయలు తరగడమే. ఆ పద్ధతి ముందు మారాలి. లాకుల దగ్గర గారు చెప్పినవన్నీ ఆడపిల్లలకీ నేర్పాలి. చుడీదారు చున్నీతో నీళ్లలోకి దింపకండి, తడిస్తే మెడకీ కాళ్లకీ చుట్టుకుంటుంది.

ఒక్క పని మొత్తంగా ఇవ్వాలన్న మాట మాత్రం నాకు నచ్చింది. మామిడి తాండ్ర ఇచ్చి చూడండి, ఆడామగా ఇద్దరికీ. ఆత్రేయపురం వైపు పెద్ద చాపల మీద వేస్తారు. ఇంటికైతే రెండు పెద్ద పళ్లేలు చాలు. పది కేజీల రసాల మామిడిపళ్లు తీసుకుంటే టెంక, తొక్క, పీచు పోను రమారమి సగం రసం వస్తుంది. పీచు లేకుండా వడగట్టి, పండు తీపిని బట్టి కేజీ రసానికి వంద నుంచి నూటయాభై గ్రాముల పంచదార పూర్తిగా కరిగే దాకా కలపాలి. పళ్లేనికి వేలితో నెయ్యి రాసి, దోసె మందాన మొదటి పొర పోసి, పల్చటి బట్ట కప్పి ఎండలో పెట్టాలి. రోజుకో పొర. ఎనిమిది, పది పొరలైతే ఇంటికి సరిపోతుంది. పొరకి సరిపడా పళ్లే ఆ రోజు పిండాలి, పది రోజుల రసం ఒకేసారి తీసి ఉంచితే పులుస్తుంది.

పాడయ్యేది ఎక్కడంటే, కింది పొర ఆరకముందే పైది పోసినప్పుడు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల తడి ఉండిపోయి నాలుగో రోజుకి పుల్లటి వాసన, తర్వాత తెల్లటి బూజు. వేలు ఆనిస్తే అంటుకోకూడదు, అంటుకుంటే ఆ రోజు పొర మానేయాలి. పొద్దు వాలకముందే లోపల పెట్టాలి. సముద్రపు గాలికి రాత్రి చెమ్మ లాగేసుకుంటుంది. మబ్బు పట్టిన రోజున పిల్లలు "ఇవాళ ఇంకో పొర పోసేద్దాం" అని తొందర పెడతారు. పోయనివ్వండి, కానీ విడిగా చిన్న పళ్లెంలో. రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇంకెవరూ వివరించక్కర్లేదు.

చెరువు సాగు
రొయ్యల చెరువు గురించి ఎవరూ రాయలేదు. అంతర్వేది నుంచి భీమవరం దాకా డబ్బు తిరిగేది అక్కడే. పిల్లలకి రసాయనశాస్త్రం అర్థం కావాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. పగలంతా నీళ్లలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి వాడేసుకుంటుంది. అందుకే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, సాయంత్రం ఎక్కువ, తెల్లవారుజామున అట్టడుగు. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంచుకోవాలని చూస్తాం, బాగా పడితే రొయ్య పైకి తేలి గట్టు పట్టేస్తుంది. మేత వేశాక రెండు గంటలకి చెక్ ట్రే, అంటే మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం, ఎత్తి చూడాలి. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి, లేకపోతే అది అడుగున కుళ్లి ఆక్సిజన్ తినేస్తుంది. పుస్తకంలో రోజూ రాయిస్తే వారంలో గీత గీసి చూపించగలరు.

సెలవంటే సెలవే
ఏరియేటర్ల కరెంటు సంగతి?

చెరువు సాగు
న్యాయమైన ప్రశ్న. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు నడిచేది మూడు ఫేజుల కరెంటు మీద. కేబుల్ గట్టు మీదే పరిచి ఉంటుంది, జాయింట్లకి టేపు చుట్టి వదిలేస్తారు. తడి కాళ్లతో నడుస్తాం. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకయితే చాలు, సరఫరా ఆపేసే ట్రిప్పర్ లేని చెరువు గట్టు మీదకి పిల్లల్ని రానివ్వకూడదు. ఉన్నా సరే స్టార్టర్, కేబుల్, ఏరియేటర్ ముట్టుకోనివ్వకూడదు. చెక్ ట్రే చూసేటప్పుడు చెక్క బల్ల మీద నుంచే, పక్కన మనిషి ఉండగానే. రాత్రి కాపలాకి పంపడం తప్పు.

నియమాల పుస్తకం
తప్పు మాత్రమే కాదు. బాల, కౌమార కార్మిక చట్టం 2016 సవరణ తర్వాత 14 నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంతవాళ్లకి ప్రమాదం లేని పనిలో సాయపడడం దీనికి మినహాయింపు. ఆ సొంతవాళ్లలో మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని కూడా వస్తారు. 14 నుంచి 18 మధ్యవాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. కూలికి పెట్టే చోట మూడు గంటలు పని చేయించాక గంట విశ్రాంతి ఇవ్వాలి, విశ్రాంతితో కలిపి రోజుకి ఆరు గంటలు దాటకూడదు, సాయంత్రం 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. బండి సంగతి కూడా: 18 నిండకుండా మేనమామ బైకు నడిపితే 2019 సవరణ ప్రకారం బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

గౌతమి గట్టు
ఉదయం 8 తర్వాతే అంటే మే నెలలో ఎండ నెత్తికెక్కాక పని మొదలుపెట్టమనడమే. ఇంట్లో సొంత తోట పనికి ఆ గంటలు వర్తించవనుకుంటాను. ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా చేసి ఆపేయడమే పిల్లల ఒంటికి మంచిది.

నియమాల పుస్తకం
సొంత తోటలో, కూలి లేకుండా, పిల్లవాడి ఇష్టంతో అయితే ఒప్పుకుంటాను. పక్క తోట దింపుకి "మావాడిని కూడా తీసుకెళ్లండి" అన్న క్షణం నుంచి కాదు. కోనసీమలో ఒంటి మీద చెమట ఆరదు, అందుకే దాహం వేసే దాకా ఆగకూడదు. లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు గీసినట్టు సమంగా. మాటలు తడబడినా, చెమట ఆగి ఒళ్లు కాలినా ఇక పని, పాఠం రెండూ ఆపి నీడకి చేర్చి, తడిగుడ్డలతో చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సెలవంటే సెలవే
సరేనండి, ఒక్క పని, పిల్లల ఇష్టంతో, పొద్దుటి పూట. అంతవరకు ఒప్పుకుంటాను. మధ్యాహ్నం నుంచి వాళ్లని వదిలేయాలి, పుస్తకం ఇచ్చి లెక్క అడగకూడదు. అన్నట్టు, కాలవలు ఎండిన రోజుల్లో పిల్లలు కాలవలోనే క్రికెట్ ఆడతారు. అదైనా పర్వాలేదా?

లాకుల దగ్గర
మే మూడో వారం దాకా పర్వాలేదు, పూడికతీత మిషన్లు లేని చోట, గోతులకి దూరంగా. తర్వాత వద్దు. నీళ్లు వదిలే తేదీ పంచాయతీలో, నీటి సంఘం మనిషి దగ్గర ముందే తెలుస్తుంది, అడిగి కనుక్కోండి. వదిలాక మీ ఊరికి రాత్రిపూట చేరొచ్చు, ముందు చెత్త, గుర్రపుడెక్క, పాములు కొట్టుకొస్తాయి. నీరు తేటపడి మట్టం నిలబడే దాకా, కనీసం మొదటి వారం, ఈత వచ్చినవాళ్లని కూడా దిగనివ్వకండి. కొత్తగా తవ్విన కాలవ లోతు పోయినేటి లోతు కాదు. గెడ వేసి చూశాకే రేవు ఎంచుకోండి.