రూట్ 16 అంటే 4 ఒక్కటేనా? −4 ఏమైపోయింది?

అమీర్‌పేట ఈవెనింగ్ బ్యాచ్: నిన్నటి జీఆర్ఈ మాక్ టెస్టులో క్వాంటిటీ ఏ: √16, క్వాంటిటీ బీ: 4. రెండిట్లో ఏది పెద్దదో చెప్పాలి. నేను 'చెప్పలేం' పెట్టాను. కీలో 'రెండూ సమానం' అని ఉంది. −4ని −4తో గుణిస్తే 16 రాదా? కీ తప్పని నా వాదన. మీరేమంటారు?

లెక్కల అన్న: కీ కరెక్టే తమ్ముడూ. 16కి వర్గమూలాలు రెండని ఎవరూ కాదనరు. కానీ √ గుర్తు వేస్తే వాటిలో మైనస్ కానిదే తీసుకోవాలి. పరీక్ష పెట్టే ఈటీఎస్ తన మ్యాథ్ రివ్యూలో ఈ సంగతి రాసే ఉంచింది. కావాలంటే పరీక్షలో ఇచ్చే క్యాలిక్యులేటర్‌లో 16 కొట్టి రూట్ నొక్కి చూడు.

దిల్‌సుఖ్‌నగర్ అక్క: క్యాలిక్యులేటర్‌ని సాక్ష్యానికి పిలవకండి, దాని స్క్రీన్ మీద పట్టేదే ఒక్క జవాబు! వర్గ సమీకరణం సూత్రం చూడండి. రూట్ ముందు ± ఎందుకు రాస్తాం? ఆ రెండూ రూట్‌లోనే ఉంటే దాని అవసరమే లేదు.

అమీర్‌పేట ఈవెనింగ్ బ్యాచ్: అంటే ఎవరో పెట్టుకున్న ఒప్పందమేగా. దానికి నా మార్కు కోస్తారా?

దిల్‌సుఖ్‌నగర్ అక్క: ఒప్పందమే. అది లేకపోతే √16 + √9 ఎంతో చెప్పు. 7, 1, −1, −7... నాలుగు జవాబులు. ఏ ఆప్షన్ టిక్ పెడతావు?

ఇంకోటి చెయ్యి. √(ఎక్స్ + 6) = ఎక్స్. రెండువైపులా వర్గం చేస్తే ఎక్స్² − ఎక్స్ − 6 = 0. 3, −2 వస్తాయి. −2 పెట్టి చూడు: ఎడమవైపు √4, అంటే 2. కుడివైపు −2. కుదరదు, కొట్టెయ్యాలి. చాలామంది రెండూ రాసేసి హాయిగా తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు.

అమీర్‌పేట ఈవెనింగ్ బ్యాచ్: మరి ఎక్స్² = 16 అంటే ±4 అని స్కూల్లో రాయించారు కదా!

లెక్కల అన్న: అక్కడ రెండూ రాయాల్సిందే. రెండువైపులా రూట్ తీస్తే వచ్చేది ఎక్స్ కాదు, మాడ్ ఎక్స్, అంటే మైనస్ ఉంటే తీసేసిన ఎక్స్ విలువ. మాడ్ ఎక్స్ = 4 కాబట్టి ఎక్స్ 4 కావచ్చు, −4 కావచ్చు. ఆ ± మాడ్ దగ్గర పుట్టింది. స్కూల్లో ఈ మధ్య మెట్టు ఎగ్గొట్టి నేరుగా ±4 రాయిస్తారు, అదీ అసలు గొడవ. నీ మాక్‌లోనే ఎక్స్² = 16 అని ఇచ్చి, ఎక్స్‌ని 4తో పోల్చమంటే 'చెప్పలేం' కరెక్ట్ అయ్యేది.

అమీర్‌పేట ఈవెనింగ్ బ్యాచ్: ఎక్స్ నెగెటివ్ అయితే √(ఎక్స్²) = −ఎక్స్ అని మా నోట్సులో ఉందే. రూట్‌లోంచి మైనస్ రాదన్నారుగా?

లెక్కల అన్న: ఎక్స్ = −5 అనుకో. ఇప్పుడు −ఎక్స్ ఎంత?