సేవ్ నొక్కేసరికి సెషన్ అయిపోతోంది, టైమౌట్ పెంచేయాలా?

ప్రశ్న:
మా అప్లికేషన్‌లో ఒక పెద్ద ఫారం ఉంది, నింపడానికి అరగంట పైనే పడుతుంది. మా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో డిఫాల్ట్‌గా ఉండే 30 నిమిషాల టైమౌటే (అంతసేపు ఏ రిక్వెస్టూ రాకపోతే లాగిన్ సెషన్ ముగిసిపోతుంది) పెట్టుకున్నాం. యూజర్ ఓపిగ్గా అంతా టైప్ చేసి సేవ్ నొక్కితే ఏ మెసేజూ రాదు, బ్రౌజర్ కన్సోల్‌లో మాత్రం జేసన్ (డేటా పంపుకునే ఫార్మాట్) పార్స్ ఎర్రర్ కనిపిస్తుంది. రిఫ్రెష్ చేస్తే లాగిన్ పేజీ వస్తుంది, రాసిందంతా గల్లంతు. టైమౌట్ 8 గంటలు చేసేద్దామని టీమ్‌లో అంటున్నారు, చేయొచ్చా?

జవాబు 1:
వద్దండీ. ఎవరైనా లాగౌట్ చేయకుండా లేచి వెళ్లిపోతే అంతసేపూ ఆ సెషన్ తెరిచే ఉంటుంది. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి, సేవ్ రిక్వెస్టుకు 302 (వేరే పేజీకి వెళ్లమనే రీడైరెక్ట్ కోడ్) వస్తూ ఉండాలి. రిక్వెస్టు పంపే బ్రౌజర్ ఫంక్షన్ ఫెచ్ ఆ రీడైరెక్ట్ వెంట తనే వెళ్లి లాగిన్ పేజీ హెచ్‌టీఎమ్‌ఎల్‌ను 200 (అంతా సవ్యం అనే కోడ్)తో తెచ్చిస్తుంది, మీ కోడ్ దాన్ని జేసన్ అనుకుని చదవబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ఏపీఐ రిక్వెస్టులకు రీడైరెక్ట్ తీసేసి 401 (లాగిన్ కావాలి అనే కోడ్) ఇవ్వండి. 401 రాగానే పేజీని కదపకుండా దాని మీదే లాగిన్ బాక్స్ చూపించి, లాగిన్ అయ్యాక అదే డేటా మళ్లీ పంపండి. సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (రిక్వెస్టు మీ పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య కోడ్) కొత్తది తీసుకోవాలి, లేకపోతే ఈసారి 403 (అనుమతి లేదు) వస్తుంది. ఇంకో మాట, మళ్లీ లాగిన్ అయింది పాత యూజరేనా అని తప్పకుండా చూడండి, ఒకరు రాసింది ఇంకొకరి పేరు మీద సేవ్ అయితే చాలా పెద్ద గొడవ.

జవాబు 2:
దీంతోపాటు ముందే హెచ్చరిక కూడా చూపించండి. వైకల్యం ఉన్నవాళ్లూ వెబ్‌సైట్లు వాడగలిగేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం గడువు పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, నన్నడిగితే చూపు సరిగా లేనివాళ్లకు అది ఏ మూలకూ చాలదు, రెండు నిమిషాలైనా ఇవ్వండి. హెచ్చరిక టైముకు జావాస్క్రిప్ట్ టైమర్ సెట్‌టైమౌట్‌ను మాత్రం నమ్ముకోవద్దు, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తే లెక్క తప్పుతుంది. గడువు ఎప్పుడు ముగుస్తుందో దాచుకుని, ట్యాబ్ మళ్లీ కనిపించినప్పుడల్లా గడియారంతో పోల్చుకోండి.

ప్రశ్న అడిగినవారు:
401 సంగతి ఇప్పుడు అర్థమైంది, థ్యాంక్స్. ఫారం తెరిచి ఉన్నంతసేపూ ప్రతి ఐదు నిమిషాలకూ సర్వర్‌కు పింగ్ పంపితే సరిపోదా?

జవాబు 1:
అలా చేస్తే టైమౌట్ ఉన్నా లేనట్టే, మనిషి ఎదురుగా లేకపోయినా సెషన్ బతికే ఉంటుంది. దాని బదులు యూజర్ ఏదైనా మార్చినప్పుడు మాత్రమే సర్వర్‌లో డ్రాఫ్ట్ సేవ్ చేయండి, ఆ రిక్వెస్టుతోనే సెషన్ గడువూ పెరుగుతుంది, టైప్ చేయడం ఆపేస్తే దాని టైముకు అదే ముగుస్తుంది. డ్రాఫ్ట్‌ను లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్ ఆ కంప్యూటర్‌లోనే డేటా దాచే చోటు) పెట్టకండి, ఒకే కంప్యూటర్ నలుగురు వాడే చోట తర్వాత వచ్చినవాళ్లకు అది కనబడే ప్రమాదం ఉంది.