యుక్తవయసు పాఠం: తొమ్మిదేళ్లకా, పదమూడేళ్లకా?

జీవశాస్త్రం టీచర్:
పునరుత్పత్తి పాఠంతో పాటు పదమూడేళ్లకు చెబితే చాలు. అంతకుముందు పిల్లలకు గ్రంథి, హార్మోన్ అంటేనే తెలియదు. సగం అర్థమై, మిగతా సగం భయంగా మిగిలిపోతుంది.

పిల్లల డాక్టర్:
ఒప్పుకోలేను టీచర్ గారూ. మార్పులు ఆడపిల్లల్లో 8–13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9–14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. ఆడపిల్లల్లో తొలి గుర్తు సాధారణంగా నెలసరి కాదు, చనుమొన కింద చిన్న గట్టి బిళ్ల. చాలాసార్లు ముందు ఒకవైపే వస్తుంది, తాకితే నొప్పి. ఎవరూ చెప్పకపోతే ఆ పాప ఏదో గడ్డ అనుకుని లోలోపలే హడలిపోతుంది. అది మొదలైన రెండు, రెండున్నరేళ్లకు నెలసరి. పదమూడేళ్లకు పాఠం పెడితే చాలామందికి అప్పటికే వచ్చేసి ఉంటుంది.

మగపిల్లల్లో ముందు వృషణాలు పెరుగుతాయి, గొంతు మారేది ఆ తర్వాతే. కొందరికి ఛాతీ కాస్త ఉబ్బి, ఏడాది రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. ఈ సంగతి మాత్రం పాఠాల్లో వదిలేయకూడదు. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదని, నీరసం రాదని కూడా ముందే చెప్పాలి.

స్కూల్ నర్స్:
తొమ్మిదేళ్లకు హార్మోన్ల పేర్లు అక్కర్లేదు, ప్యాడ్ చేతికివ్వండి చాలు. వెనక కాగితం లాగాలి, జిగురు వైపు లోదుస్తుకు అంటించాలి, రెక్కలు కిందికి మడవాలి. నోటితో చెప్పి వదిలేస్తే జిగురు వైపు పైకి పెట్టుకుంటారు. తర్వాత రంగునీళ్లు 5 మి.లీ. చెంచాతో కొలిచి చూపించండి. నెలసరి మొత్తానికి పోయే రక్తం మామూలుగా 30–40 మి.లీ., అంటే ఆరు నుంచి ఎనిమిది చెంచాలు. ఒంట్లో రక్తమంతా పోతుందన్న భయం అక్కడే సగం తగ్గుతుంది. నిండకపోయినా 4–6 గంటలకోసారి మార్చాలి. మొదటి రెండేళ్లు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, అందుకే క్యాలెండర్‌లో గుర్తు పెట్టడం నేర్పాలి.

జీవశాస్త్రం టీచర్:
వయసు సంగతి సరే. ఆడా మగా కలిపి కూర్చోబెడితే ఒక్కరూ నోరు విప్పరు కదా?

కౌన్సెలర్:
పాఠం ఇద్దరికీ ఒకటే ఉండాలి. మగపిల్లలకు నెలసరి తెలియకపోతే మరక చూసి ఎగతాళి చేస్తారు. ప్రశ్నలకు మాత్రం విడిగా కూర్చోబెట్టండి. ఒకే కొలత చీటీలు, ఒకే రకం పెన్సిళ్లు ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్లు కూడా ‘లేదు’ అని రాసి పెట్టెలో వేయాలి. రాసేవాళ్లే రాస్తే ఎవరు అడిగారో క్లాసంతటికీ తెలిసిపోతుంది. జవాబులు మర్నాడు చెప్పండి, మీకూ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

జీవశాస్త్రం టీచర్:
‘రక్తం ఎందుకొస్తుంది’ అని ఆ పెట్టెలోంచే వస్తుంది. తొమ్మిదేళ్ల పాపకు ఏం చెప్పను?

స్కూల్ నర్స్:
‘బిడ్డ పెరగడానికి గర్భసంచి లోపల మెత్తటి పొర తయారవుతుంది. బిడ్డ లేకపోతే అది అక్కర్లేదు కాబట్టి ఊడి రక్తంతో బయటికి వస్తుంది, మళ్లీ కొత్తది మొదలవుతుంది.’ ఆ వయసుకు ఇది సరిపోతుంది, ఇందులో అబద్ధమూ లేదు.