కాంగేర్ లోయ గుహలు: వరంగల్ నుంచి మూడు రోజుల ట్రిప్, సలహాలు కావాలి

హనుమకొండ_టీచర్
అందరికీ నమస్కారం. ఆగస్టు 15 సెలవుకు అటూ ఇటూ కలుపుకుని ఛత్తీస్‌గఢ్‌లోని కాంగేర్ లోయ జాతీయ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఏడో తరగతి చదివే బాబు, మా అత్తమ్మ. సొంత కారు ఉంది. బొర్రా గుహలు చూసొచ్చినప్పటి నుంచి బాబుకు గుహల పిచ్చి పట్టుకుంది. కుటుంసర్ గుహ, తీరథ్‌గఢ్, చిత్రకోట్ జలపాతాలు చూడాలని ఉంది. ఏ దారిలో వెళ్తే మంచిది? అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమె గుహలోకి దిగగలదా? అడవి దారి కాబట్టి ఇంట్లో కాస్త టెన్షన్ కూడా ఉంది.

ములుగు_బాట
అక్కా, ముందు తేదీ మార్చండి. ఆగస్టులో కుటుంసర్ తెరిచి ఉండదు. వానలు మొదలైతే గుహలోకి నీళ్లు దిగుతాయి కాబట్టి ఆ కాలమంతా మూసేస్తారు. వానలు పూర్తిగా తగ్గి లోపల ఆరిన తర్వాత, మామూలుగా నవంబరులో తెరుస్తారు. ఏటా ఒకే తేదీ అని లేదు. బయల్దేరే ముందు జగదల్‌పూర్‌లో మీరు దిగబోయే చోటుకు ఫోన్ చేసి అడగండి.

గోదారి_గట్టు
తమ్ముడు చెప్పింది నిజమే కానీ ఆగస్టును అంత తేలిగ్గా కొట్టిపారేయొద్దు. చిత్రకోట్‌ను వానాకాలంలోనే చూడాలి. ఇంద్రావతి అంచు నిండా, గుర్రపు నాడా ఆకారంలో, ఎర్రటి నీళ్లతో దూకుతుంటే అవతలి ఒడ్డు కనిపించదు. ఎండాకాలం వచ్చేసరికి అదే జలపాతం పాయలు పాయలుగా విడిపోతుంది. గుహలు లేకపోయినా ఫర్వాలేదనుకుంటే ఆగస్టుకు సాటి లేదు.

ములుగు_బాట
అన్నా, వాళ్ల బాబు వచ్చేదే గుహ కోసం. నవంబరు రెండో సగంలో వెళ్తే గుహ తెరిచి ఉంటుంది, జలపాతాల్లో నీళ్లూ ఉంటాయి. రెండూ దొరికే రోజులు అవే.

హనుమకొండ_టీచర్
ఇది తెలియక హోటల్ బుక్ చేయబోతున్నాను, మంచి పని చేశారు. బాబును నవంబరు దాకా ఆపుతాను. ఇక దారి సంగతి చెప్పండి.

ఏటూరునాగారం_వాసి
దారులు రెండున్నాయి మేడం. ఒకటి ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా ముల్లకట్ట బ్రిడ్జి దగ్గర గోదావరి దాటి, భోపాలపట్నం, బీజాపూర్, గీదం, జగదల్‌పూర్. రెండోది భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా. దూరంలో మొదటిదే తక్కువ. కానీ కాంగేర్ లోయ ఉన్నది జగదల్‌పూర్‌కు దక్షిణాన, సుక్మా రోడ్డు వైపు. అందుకే ఒక దారిలో వెళ్లి రెండో దారిలో వస్తే వెనక్కి తిరిగే పని ఉండదు.

భయం సంగతికొస్తే, ఒకప్పటి పరిస్థితి ఇప్పుడు లేదు. అయినా మా ఇంట్లో పాటించే నియమం ఒకటి చెప్తాను: పొద్దున్నే బయల్దేరాలి, చీకటి పడేలోపు ఊళ్లోకి చేరాలి. పశువులు, లారీలు, మధ్యలో సిగ్నల్ లేకపోవడం, వీటన్నిటికీ అదే మందు. డీజిల్ ఏటూరునాగారంలోనే నింపుకోండి. భాష గురించి దిగులు పడొద్దు. భోపాలపట్నం, కుంట వైపు తెలుగు నడుస్తుంది. మన మిరప చేలల్లో కాయ ఏరడానికి వచ్చే కూలీల్లో చాలామంది ఆ వైపు ఊళ్లవాళ్లే.

చీకటి_గది
గుహ గురించి నేను చెప్తాను, నాకు బాగా ఇష్టమైన చోటు. గేటు దగ్గర టికెట్, జిప్సీ, గైడు తీసుకుని లోపలికి వెళ్లాలి. బొర్రాలా రంగుల లైట్లు, విశాలమైన హాలు ఊహించుకోకండి. గుహ నోరు మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. అక్కడి నుంచి ఇరుకు మెట్లు కిందికి దిగుతాయి. పైన చలికాలం, లోపల ఉక్కపోత. దిగగానే నా కళ్లద్దాలకు ఆవిరి పట్టేసింది. వెలుతురంతా గైడు చేతిలో ఉన్నదే.

ఒక చోట మోకాలి లోతు మడుగు ఉంది. గైడు లైటు వంచి చూపించాడు. వేలెడంత కూడా లేని పాలిపోయిన చేప ఒకటి మెల్లగా రాతి కిందికి జారుకుంది. తరతరాలుగా చీకట్లోనే ఉండడంతో ఆ చేపల కళ్లు కుంచించుకుపోయాయి, ఒంటి రంగు పోయింది. 1950లలో ఈ గుహను పరిశోధించి లోకానికి తెలియజేసిన ప్రొఫెసర్ శంకర్ తివారీ పేరు మీదే ఇక్కడి గుహ కీచురాయికి శాస్త్రీయ నామం పెట్టారు. బాబుకు ముందే చెప్పి తీసుకెళ్లండి, ఇంకా శ్రద్ధగా వెతుకుతాడు.

ఇంకో మాట. దయచేసి రాళ్లను ముట్టుకోవద్దని బాబుకు గట్టిగా చెప్పండి. వాన నీరు సున్నపురాయిని కరిగించుకుని పైనుంచి బొట్టు బొట్టుగా జారుతూ, కొద్దికొద్దిగా పేర్చిన ఆకారాలవి. మన చేతి జిడ్డు అంటితే అక్కడ పెరుగుదల దెబ్బతింటుంది, రాయి నల్లబడుతుంది. మాతో వచ్చిన ఒకాయన మోగుతుందేమోనని స్తంభాన్ని తట్టబోతే గైడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ కుర్రాడికి దండం పెట్టాలనిపించింది.

అత్తమ్మ గారిని మాత్రం లోపలికి దించొద్దు. మోకాళ్ల నొప్పులు, బీపీ, ఇరుకంటే భయం ఉన్నవాళ్లకు ఆ మెట్లు తగవు. కైలాస్ గుహకూ మెట్లెక్కాలి. తీరథ్‌గఢ్ సుమారు 300 అడుగుల జలపాతం, కిందికి దిగకుండా పైనుంచి చూసినా బాగుంటుంది.

కోటగుమ్మం
అత్తమ్మ గారికి దంతేవాడ చూపించండి. గీదం నుంచి దగ్గరే. శంఖిని, డంకిని నదులు కలిసే చోట దంతేశ్వరి అమ్మవారి గుడి. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్లి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. ఆ వంశానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్ 2022లో కాకతీయ వైభవ సప్తాహానికి వరంగల్ వచ్చినప్పుడు మేమంతా చూడ్డానికి వెళ్లాం. ఖిలా వరంగల్‌లో పుట్టి పెరిగినవాడిగా ఆ గుడిలో నిలబడితే నాకు సొంతవాళ్ల ఊరికి వచ్చినట్టే అనిపించింది.

హనుమకొండ_టీచర్
అత్తమ్మకు ఇది చదివి వినిపించాను, ఇప్పుడు అందరికంటే ఆమెకే తొందర! ఇలా అనుకుంటున్నాం: మొదటి రోజు భోపాలపట్నం దారిలో దంతేవాడ దర్శనం, రాత్రికి జగదల్‌పూర్. రెండో రోజు చిత్రకోట్. మూడో రోజు కుటుంసర్, తీరథ్‌గఢ్ చూసుకుని అటు నుంచి అటే ఇంటికి. సరిపోతుందా?

ఏటూరునాగారం_వాసి
మూడో రోజు కుదరదు మేడం. గుహ చూసి అదే రోజు వరంగల్ చేరాలంటే అర్ధరాత్రి అవుతుంది. ఇంకొక్క రోజు సెలవు పెట్టండి. మూడో రోజు పొద్దున్నే గుహకు వెళ్లి, మధ్యాహ్నం సుక్మా, కుంట దారి పట్టి రాత్రికి భద్రాచలం చేరండి. నాలుగో రోజు రాములవారి దర్శనం చేసుకుని ఇంటికి. అత్తమ్మ గారికి రెండు గుళ్లు, బాబుకు గుహ.

గోదారి_గట్టు
ఒక రాత్రి హోటల్ బదులు పార్కు పక్కనున్న ధుడ్‌మరాస్ ఊళ్లో హోంస్టే చూడండి. ధుర్వా ఆదివాసీల ఇళ్లు, కాంగేర్ నదిలో వెదురు తెప్ప మీద తిప్పుతారు. గుహకు పొద్దున్నే చేరడానికీ అదే వీలు. ధైర్యం ఉంటే ఎర్రచీమల పచ్చడి అడగండి, పుల్లగా ఉంటుంది, అన్నంలోకి నాకు బాగా నచ్చింది.

చీకటి_గది
నగదు దగ్గర ఉంచుకోండి, గేటు దగ్గర నెట్ రాకపోతే ఫోన్‌పే పనిచేయదు. బాబుకు జారని బూట్లు వేయండి. గైడు దగ్గర లైటు ఉన్నా మీ టార్చి మీరు తీసుకెళ్లండి.

ములుగు_బాట
అక్కా, నవంబరు అంటే కార్తీకం కూడా. భద్రాచలంలో ఆ రోజుల్లో రద్దీ ఉంటుంది, గది మాత్రం ఇప్పుడే చూసుకోండి. గుహ తెరిచారని తెలియగానే ఇక్కడే రాస్తాను.