మా వాడు మాంత్రికుడి పక్షం. మీకు గుర్తుండిపోయిన పాత సినిమా విలన్ ఎవరు?

ప్రశ్న:
మొన్న ఆదివారం మా ఎనిమిదేళ్ల వాణ్ణి కూర్చోబెట్టి 'పాతాళభైరవి' చూపించాను. 1951 నాటి నలుపు తెలుపు సినిమా కదా, పావుగంటలో లేచిపోతాడనుకున్నా. కదల్లేదు. తోటరాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చేసరికి వాడి మొహం చిన్నబోయింది. "ఇంక రాడా?" అన్నాడు. సదాజపుడు సంజీవనితో గురువును బతికించగానే ఎగిరి గంతేశాడు. పాపం, హీరో కష్టాలు మళ్ళీ మొదలయ్యాయన్న బెంగే లేదు!

చిన్నప్పుడు నేనూ అంతే. రామారావంటే ప్రాణం, కానీ దుప్పటి కప్పుకుని, కర్ర పట్టుకుని వేసింది మాత్రం మాంత్రికుడి వేషమే. ఆ గడ్డం, ఆ చూపు, "డింభకా" అని పిలవడంలో ఆ దర్జా చూసి ఎవరో పెద్దాయన అనుకునేవాణ్ణి. అప్పటికి ఎస్వీ రంగారావుకి 32 ఏళ్లే! రామారావు కంటే ఐదేళ్లు పెద్ద, అంతే. ఊరికే అరవడు. తియ్యగా మాట్లాడుతూ రాముణ్ణి బలి దాకా నడిపిస్తాడు. ఆ తియ్యదనమే నన్ను భయపెట్టేది.

మీకు ఎవరు గుర్తుండిపోయారు? ఏ సీన్ వల్ల?

జవాబు 1:
'నర్తనశాల' కీచకుడు. మళ్ళీ రంగారావే. తప్పు చేస్తున్నానన్న ఆలోచనే ఆ మొహంలో కనిపించదు, అదీ అసలు భయం. పైగా హీరో అర్జునుడు బృహన్నలగా అంతఃపురంలో ఉంటే, వాణ్ణి చంపేది భీముడు. జకార్తా ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు ఊరికే రాలేదండీ.

జవాబు 2:
నా ఓటు రావణుడికి. 1961లో 'సీతారామ కల్యాణం' తీసిన రామారావు, రాముడి వేషం హరనాథ్‌కిచ్చి తను రావణుడు వేశారు. శివుడు కరుణించలేదని తన పేగులే తీసి తీగలుగా బిగించి వీణ మీటుతాడు చూడండి, వెనక ఘంటసాల గొంతు! స్వామీ, ఇప్పుడైనా కనిపించవయ్యా అని నేనే మొక్కుకున్నా. సీతను ఎత్తుకెళ్లే ఘట్టం ఆ సినిమాలో లేదు, పెళ్లితో అయిపోతుంది. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదేమో.

జవాబు 3:
అందరూ మగవాళ్లనే చెబుతున్నారు. సూర్యకాంతం గారిని మర్చిపోతే ఎలా? ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి పేరు 'గుండమ్మ కథ'! ఎడమ చెయ్యి అలా తిప్పుతూ ఒక్క మాట విసిరితే చాలు, సవతి కూతురు సావిత్రితో పాటు మనమూ ముడుచుకుపోతాం. మా అమ్మమ్మ పేరూ సూర్యకాంతమే. మా పాపకి ఆ పేరు పెడదామంటే ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు.

ప్రశ్న అడిగినవారు:
గుండమ్మని ఎలా మర్చిపోయానండీ! వచ్చే ఆదివారం మా వాడికి 'మాయాబజార్' వేస్తున్నా. ఆ ఘటోత్కచుడు తన మాంత్రికుడేనని ముందుగా చెప్పను. గొంతు వినగానే పోల్చుకుంటాడేమో చూడాలి.